గంటకు ముప్పై ఎనిమిది కిలోమీటర్ల స్పోర్ట్స్ కారు

ఈ మధ్య చొక్కాలకు జేబులు కుట్టడం మానేస్తున్నారు. కుట్టినా అందులో బస్సు టికెట్టు ఒకటి పడుతుంది, అదీ మడతపెడితే. షాపులో అడిగితే "ఇప్పుడన్నీ ఫోనులోనే కదా సార్" అంటారు. ఆ ఫోను పెట్టుకోడానికే జేబు అడుగుతున్నానన్న సంగతి వాళ్లకు తట్టదు. నేను జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి. నా దగ్గర ఎప్పుడూ రెండు పెన్నులుండాలి, నీలం ఒకటి, ఎరుపు ఒకటి. మొన్న డిసెంబరులో ఆ రెండు పెన్నుల్నీ పళ్ల మధ్య పెట్టుకుని రెండు రోజులు రాయచూరు జిల్లా చూశాను. కాబట్టి ఈ కథనంలో నేను తక్కువ మాట్లాడినట్టు కనిపిస్తే అది నా వినయం కాదు.

వెళ్లింది కార్ల ర్యాలీకి. నడిపింది మా బావ వెంకట్రావు, దారి చెప్పింది నేను. బావకు తెనాలిలో టైల్స్ షాపుంది. యాభై నిండిన ఏడాది, తోటివాళ్లంతా షుగరు పరీక్షలు చేయించుకుంటుంటే, ఆయన సెకండ్ హ్యాండ్‌లో ఒక పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే సీట్లు. నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. అందులోకి ఎవరూ ఎక్కరు, దిగుతారు. అందులోంచి ఎవరూ దిగరు, లేస్తారు. మా అక్క అయితే ఏడాదిన్నరగా అందులో కాలే పెట్టలేదు.

కొన్న రోజున అక్క నిలదీస్తే, ఏం చెప్పాలో తోచక, "ర్యాలీల కోసం" అనేశాడు బావ. అక్క ఏదీ మర్చిపోదు. భీమవరం డాక్టరొకాయన ఆ కారు కొంటానని రెండు నెలలుగా ఫోన్లు చేస్తుంటే, ఒకరోజు భోజనాల దగ్గర తీర్పు చెప్పేసింది. "ఒక్క ర్యాలీకి వెళ్లండి. పూర్తిచేసి మెడల్ తెస్తే బండి ఉంచుకోండి. లేకపోతే సోమవారం తాళాలు డాక్టరు గారికి." బావ నా వైపు చూశాడు. నేను పప్పు వైపు చూశాను. పూర్తిచేసిన ప్రతివాళ్లకీ మెడల్ ఇస్తారని అక్కకు తెలియదు. చెప్పవలసిన అవసరం మాకూ కనిపించలేదు.

రాయచూరు

ఊరి మైదానంలో షామియానా కింద ఇరవై రెండు కార్లు. అన్నీ మామూలువే, పిల్లల్ని బడికి దింపి వచ్చినట్టున్నాయి. మాది ఒక్కటే స్పోర్ట్స్ కారు. అందుకని అందరూ మమ్మల్ని గౌరవంగా చూశారు. ఆ గౌరవం మధ్యాహ్నం దాకా ఉంది.

కాలనిర్ణయాధికారి శెట్టిగారు. బజారులో బట్టల దుకాణం, తాతల నాటిది. ఇంట్లో తెలుగు, గుమాస్తాతో కన్నడం, లారీవాడితో ఉర్దూ. ఒకే ఫోన్‌కాల్‌లో మూడూ విన్నాను. మెడలో రెండు స్టాప్‌వాచీలు వేసుకుని మాకు నియమాలు చెప్పాడు.

"సార్, గిది రేసు గాదు. మేం చెప్పిన నిమిషానికి చెక్‌పోస్టుల ఉండాలె, గంతే. ఆలస్యమైతే నిమిషానికి ఒక పాయింటు జుర్మానా. ముందుగాల వస్తే రెండు."

"ముందొస్తే ఎక్కువా?" అన్నాడు బావ.

"ముందుగాల వస్తే మాకు పరేషాన్ గదా సార్. కుర్చీ గూడ ఎయ్యం అప్పటికి."

"మరీ ఆలస్యమైతే?"

"ముప్పై నిమిషాలు చూస్తం. దాటితే లెక్కల లేరు. మెడల్ లేదు, అన్నం మాత్రం ఉంటది."

సగటు వేగం ఎంతని అడిగాను. గంటకు ముప్పై ఎనిమిది కిలోమీటర్లట. బావ కారు మీటరు మీద చివరి అంకె రెండువందల ఇరవై. బావ ఆ మీటరును ఒకసారి తడిమి చూసుకున్నాడు.

బయల్దేరే ముందు టిఫిను. ఇక్కడ పొద్దున్నే మండక్కి వగ్గరణి తింటారు. అంటే మన మరమరాలే, తడిపి తాలింపు వేసి, పైన పుట్నాలపొడి చల్లి ఇస్తారు. పక్కన మిరపకాయ బజ్జీ. రెండూ కలిపి నలభై రూపాయలు. మా వైపు మరమరాలు జ్వరం తగ్గినవాళ్లు తింటారు. ఇక్కడ తిన్నవాళ్లెవరికీ జ్వరం ఉన్నట్టు లేదు. బజ్జీ తిన్నాక నాకే కొంచెం వచ్చినట్టనిపించింది.

కవితాళ

మాన్వి వైపు రోడ్డు నల్లగా, తిన్నగా ఉంది. రెండు పక్కలా పత్తి. లారీలు పత్తిని ఎంత వెడల్పుగా నింపుకుని పోతాయంటే, ఎదురొచ్చేది లారీ అని చక్రాలు చూస్తేనే తెలుస్తుంది. ఆ రోడ్డు మీద మా బావ గంటకు ముప్పై ఎనిమిదిలో వెళ్తున్నాడు. ముఖం చూస్తే ఉపవాసంలో ఉండి పెళ్లి వడ్డన చేస్తున్నవాడిలా ఉన్నాడు.

పాలక్యాన్లు కట్టిన మోపెడ్ ఒకటి మమ్మల్ని దాటబోయి, జాలిపడి పక్కకొచ్చింది.

"ఏంది సారూ, ఖరాబైందా?" అన్నాడు నడిపే ఆయన.

"లేదండీ, బానే ఉంది," అన్నాడు బావ.

"మరి గిట్ల పోతున్నరేంది?"

"ఇంతే పోవాలి."

ఆయన అర కిలోమీటరు మా పక్కనే వచ్చి, కారును అటూ ఇటూ చూసి, "ముందల మెకానిక్ ఉన్నడు, మనోడే, మంచిగ జేస్తడు" అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బావ కాసేపు నా మాట వినలేదు. కవితాళకు నాలుగు నిమిషాలు ముందుగా చేరాం. ఎనిమిది పాయింట్లు. చెక్‌పోస్టులో నిజంగానే ఇంకా కుర్చీ వెయ్యలేదు.

మా దగ్గర ఏ శుభకార్యానికైనా చెప్పిన టైముకు వెళితే పందిరి కట్టేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. అలాంటి ఊరి నుంచి వచ్చి, ముందొచ్చినందుకు జరిమానా కట్టిన మొదటివాళ్లం మేమే అయ్యుంటాం.

మధ్యాహ్నం అక్కడే ఖానావళిలో భోజనం. మన మెస్సు లాంటిదే, కాకపోతే అన్నం ఆఖర్లో, అడిగితేనే వస్తుంది. ముందు జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, పల్లీల పొడి మీద నూనె, ఒక పళ్లెం నిండా పచ్చి ఉల్లిపాయా కీరదోసా మెంతికూరా. ఎనభై రూపాయలకు రొట్టెలు ఎన్నయినా. లోపల రొట్టె తట్టే చప్పుడు ఆగితే వడ్డించే ఆయన మన ముఖం చూస్తాడు. బావ ఐదు తిన్నాడు. ఆరోది వద్దంటే "స్వల్ప, సార్, స్వల్ప" అంటూ పూర్తిది వేశాడు. కన్నడంలో స్వల్పం అంటే ఎంతో నాకు అప్పుడు తెలిసింది.

క్యాంపు

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. దారి పుస్తకంలో ప్రతి మలుపుకూ ఒక బొమ్మ ఉంటుంది. కుడి మలుపులకు నీలం గీత, ఎడమ మలుపులకు ఎరుపు గీత పెట్టుకుంటూ వచ్చాను. తిన్నాక పెన్నులు పళ్ల మధ్య తారుమారై, మిగతా మలుపులకు గీతలు తప్పు రంగులో పడ్డాయి. కాలవ దాటాక కుడికి తిరగాల్సినచోట ఎడమకు తిప్పించాను. రోడ్డు పోయి పోయి వరిచేలలోకి వెళ్లింది. అరుగుల ఇళ్లు, పెరట్లో కరివేపాకు. ఎవరో "ఏవండోయ్, కాస్త ఆగండి" అన్నారు. తెనాలి వచ్చేశామా అనుకున్నాను.

కాలవ వచ్చిన కొత్తలో కోస్తా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్లు ఉండే ఊళ్లవి. ఊరికి వేరే పేరున్నా లేకున్నా క్యాంపు అనే అంటారు. మమ్మల్ని ఆపినావిడ సుబ్బాయమ్మగారు, డెబ్బై పైనే ఉంటాయి. నేను దారి అడిగాను.

"దారి చెప్తాలే నాయనా. మీదే ఊరు?"

"తెనాలండి."

"తెనాల్లో ఎక్కడ?"

"మాకు టైమవుతోందండి," అన్నాడు బావ.

"ఎవరికి అవ్వట్లేదు? ఇంటిపేరేంటి?"

బావ ఇంటిపేరుతో గుడివాడలో ఆవిడ తోడికోడలి చెల్లెలు ఉన్నట్టు తేలడానికి ఏడు నిమిషాలు పట్టింది. దారి చెప్పడానికి అర నిమిషం. వెళ్లబోతుంటే గోంగూర పచ్చడి సీసా తెచ్చి కిటికీలోంచి ఇచ్చింది. వద్దనే ధైర్యం మాకు లేదు. పెట్టే చోటూ లేదు. సీసా నా ఒళ్లో, సీసా మీద దారి పుస్తకం, పళ్ల మధ్య పెన్నులు. ఆ స్థితిలో మొదటిరోజు ముగించాం. ఇరవై రెండు కార్లలో మాది ఇరవై రెండోది.

"పద్దతిగ ఉన్నది సార్ మీ నంబరు," అన్నాడు శెట్టిగారు. "రేపు అందరికన్న ఎనక బయల్దేరుతరు. ఎవరు ఓవర్‌టేక్ జేస్తరని భయం లేదు."

దేవసూగూరు

ఆదివారం పొద్దున కృష్ణ ఒడ్డుకు. దూరంగా విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, దగ్గర్లో సూగూరేశ్వరుడి గుడి. అక్కడ అరగంట విరామం ఉంది కాబట్టి బావ కారుకు పూజ చేయించాలన్నాడు. పూజారి దండ తెచ్చి ముందు మూత తెరవమన్నాడు. తెరిస్తే లోపల గోంగూర సీసా ఉంది. ఆ పొద్దున్నే నా ఒళ్లోంచి అక్కడికి మార్చాం.

"ఇంజిన్ ఏది సార్?" అన్నాడు పూజారి.

"వెనకాల ఉంటుంది స్వామీ, ఈ బండికి."

ఆయన వెనక్కి వెళ్లి చూశాడు. ముందుకొచ్చి చూశాడు. "దండ ఎనకకు ఏస్తే బాగుండదు, ముందుకు ఏస్తే ఇంజిన్‌కు తగలదు" అని ఆలోచించి, దండ తుంచి ముందు సగం, వెనక సగం వేశాడు. ఇంత సమంజసమైన పరిష్కారం మా కాలేజీ స్టాఫ్ మీటింగుల్లో నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత నది ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఇరవై రూపాయల వేరుశెనక్కాయలు తింటుంటే బావ అన్నాడు.

"ఒరే శీనూ, ఈ కారు నేనెందుకు కొన్నానో తెలుసా?"

"ఊళ్లో ఎవరికీ తెలీదు బావా."

"పెళ్లయిన కొత్తలో మీ అక్కా నేనూ స్కూటరు మీద తిరిగేవాళ్లం. తర్వాత కారు కొన్నా. వెనక సీట్లో పిల్లలు, మా అమ్మ, టైల్స్ శాంపిళ్లు. పిల్లలు చదువులకెళ్లాక శాంపిళ్లు ముందు సీట్లోకి వచ్చాయి. అందుకని రెండే సీట్లున్న బండి కొందామనిపించింది. ఇంకెవరూ పట్టరు కదా."

"ఈ మాట అక్కతో చెప్పావా?"

"చెప్తే ఏం బాగుంటుంది?" అని తొక్కలు దులుపుకుని లేచాడు.

అంతవరకూ నాకది బావ సరదా. అక్కడి నుంచి దారి పుస్తకాన్ని రెండుసార్లు చదవడం మొదలుపెట్టాను.

యాపలదిన్ని ఇవతల

ఆఖరి భాగం తెలంగాణ సరిహద్దు వెంబడి యాపలదిన్ని వైపు తిరిగి రాయచూరులో ముగుస్తుంది. పద్నాలుగు కిలోమీటర్లుందనగా రోడ్డు కనిపించలేదు. రోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి కందికట్టె పరిచి ఉంది. యాభై అడుగుల పొడవు ఉంటుంది.

కోసిన కందిని ఎండాక తారురోడ్డు మీద పరుస్తారు. పోయే బండ్లన్నీ తొక్కుతాయి, కాయ పగిలి గింజ రాలుతుంది. ఎవరికీ ప్రత్యేకించి చెప్పక్కర్లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. మా ముందు వెళ్లిన ఇరవై ఒక్క కార్లూ తొక్కుకుంటూ వెళ్లాయి. ఒడ్డున నర్సమ్మ అనే ఆవిడ, చేతిలో కొయ్యపార, సంతోషంగా నిలబడి ఉంది.

"రాండ్రి సారూ, తొక్కుండ్రి, తొక్కుండ్రి. పొద్దుగాల నుంచి మంచి మంచి బండ్లు వచ్చినయ్. ఈ కార్లు ఎవరు తోలిచ్చిండ్రో గానీ మంచి పని జేసిండ్రు."

తొక్కాం. పది అడుగులు. అక్కడ కారు కింద కట్టె ఇరుక్కుని బండి ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు. వెనక ఇంజిను దగ్గర కమురు వాసన. బావ ఇంజిన్ ఆపి ఒక్కసారిగా బయటికి లేచాడు. ఆ కారులోంచి అంత వేగంగా మనిషి రావడం మొదటిసారి చూశాను.

నర్సమ్మ వంగి కిందికి చూసింది. "గీ బండి తొక్కుతలేదు, మేస్తున్నది" అంది.

వేడి గొట్టానికి తగిలిన కట్టెను ముందు లాగేశాం, మంట రాలేదు. కారు కింద మిగిలింది తర్వాత తీసుకుంటామని, ముందున్న కందిని కాస్త పక్కకు ఊడిస్తే వెళ్లిపోతామని బావ బతిమాలాడు.

"ఎట్ల ఊడుస్త సారూ? గింజ రాలింది. ఒడ్డుకు ఊడిస్తె మట్టిల గలుస్తది. మట్టిల గలిసినంక ఏరేది మీరా నేనా?"

"ఆలస్యమైతే మాకు మెడల్ పోతుందమ్మా."

"మీకు మెడల్ పోతది. నాకు కందులు పోతయ్. ముందు నీ బండి కడుపుల ఉన్నయి తియ్."

న్యాయమే. రెండు పక్కలా చూశాను. ఎడమ పక్క కాలవ, కుడి పక్క తడిపిన చేను. బోర్లా పడుకుని కట్టె లాగాం. నర్సమ్మ ప్రతి పరకా విదిలించి గింజ రాల్చుకున్నాకే రెండోది లాగనిచ్చింది. ఇరవై ఐదు నిమిషాలు. ఇంకా నలభై అడుగుల కంది ముందుంది.

అంతలో వెనక ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రాలీ నిండా పత్తి మిల్లు హమాలీలు, పన్నెండు మంది. రోడ్డుకు మేమే అడ్డం. వాళ్లల్లో పెద్దాయన దిగి విషయం విని, కారు చుట్టూ ఒకసారి నడిచాడు.

"ఎంత బరువుంటది సారూ?"

"ఏడు వందల కిలోలు," అన్నాడు బావ.

"ఏడు బస్తాలు," అన్నాడాయన తనవాళ్లతో. అంతే, అందరూ దిగారు. బావ స్టీరింగు దగ్గర కూర్చోబోతే ఆయన ఆపాడు. "నువ్వు దిగు సారూ. నువ్వొక బస్తా ఉన్నవ్."

ఎత్తారు. పసుపుపచ్చ కారు, ముందు సగం దండ, వెనక సగం దండ, పన్నెండు మంది చేతుల మీద కంది పైనుంచి పోతోంది. పక్కన బావ దాని మీద చెయ్యి వేసి నడుస్తున్నాడు. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను, పగలకుండా ముందు మూతలోంచి తీసిన గోంగూర సీసాతో. మధ్యలో రెండుసార్లు దించారు. నర్సమ్మ ముందు నడుస్తూ "గింజ మీద కాలు మెల్లగ పెట్టుండ్రి" అని హెచ్చరిస్తూ వచ్చింది. అవతలి ఒడ్డున దించాక బావ జేబులోకి చెయ్యి పెడితే పెద్దాయన వద్దన్నాడు. "దీనికేం తీసుకుంటం సారూ. మోసినట్టే లేదు." బావకు ఆ మాట కొంచెం తగిలినట్టుంది.

ఆ పద్నాలుగు కిలోమీటర్లూ ఆ కారు కారులా నడిచింది. ఎంత వేగమో రాయను. అక్క ఇది చదువుతుంది.

మళ్లీ రాయచూరు

ఇరవై ఎనిమిది నిమిషాల ఆలస్యం. షామియానా ఒక పక్క విప్పేశారు. శెట్టిగారు స్టాప్‌వాచీ చూసి, కార్డు మీద రాసి, ఒక కాగితం తీశాడు.

"ఒక్కటే మాట అడగాలె సార్, అందరినీ అడిగినం. దారిల బయటోళ్ల సాయం ఏమన్న తీసుకున్నరా?"

లేదు అనాలి, తీసుకుంటే మెడల్ ఉండదు. ఇరవై ఒక్కమంది లేదన్నారు. బావ అబద్ధం ఆడడని కాదు, ఆయన టైల్స్ అమ్ముతాడు. కానీ ఆ రోజు కారును ఎత్తిన దృశ్యం ఆయన కళ్లలోనే ఉంది. ఎవరికైనా చెప్పకపోతే ఉండలేడు.

"నలభై అడుగులు మోశారండి," అన్నాడు.

నేను పళ్ల మధ్య పెన్నులు గట్టిగా కొరికాను. శెట్టిగారు కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

"బండినా?"

"బండినే. పన్నెండు మంది."

శెట్టిగారు నియమాల పుస్తకం తెరిచి వేలుపెట్టి చదివాడు. పక్కాయనకు కన్నడంలో చదివి వినిపించాడు. ఇంకొకాయనకు ఫోను చేసి ఉర్దూలో అడిగాడు. బావ సోమవారం గురించి ఆలోచిస్తున్నట్టు ముఖంలో తెలుస్తోంది. డాక్టరు పొద్దున్నే తొమ్మిదికి వస్తానన్నాడు.

"సార్," అన్నాడు చివరికి శెట్టిగారు. "తోసుడు మనా, చెయ్యరాదు. గుంజుడు మనా. తాడు గట్టుడు మనా. మోసుడు గురించి బుక్కుల రాయలే. మా దుకాణంల బోర్డు మీద రాయని దానికి మేం గిరాకీతోని కొట్లాడం." అని మెడల్ తీసి బావ మెడలో వేశాడు. "వచ్చే ఏడు రాస్తం, మీ పుణ్యాన."

బావ అక్కడే నిలబడి అక్కకు ఫోను చేశాడు. చుట్టూ జనరేటరు చప్పుడు, వినబడక స్పీకరు పెట్టాడు. శెట్టిగారూ నేనూ పక్కనే ఉన్నాం.

"వచ్చిందా?" అంది అక్క.

"వచ్చింది. మెడలో ఉంది."

"సరే. డాక్టరు గారికి నేను చెప్పేస్తాను, రావద్దని." అక్క మాట తప్పే మనిషి కాదు.

పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. రెండు రోజుల ఎండ, మెడలో మెడల్, పైగా గెలిచిన ధైర్యం. నదీతీరాన నాతో అన్నదంతా శెట్టిగారి ముందే అక్కతో చెప్పేశాడు, స్కూటరు దగ్గర్నుంచి.

"ఆ రెండో సీటు నీ కోసమే కొన్నాను సుశీలా. వచ్చే ఏడు మీ తమ్ముడు కాదు, నువ్వు రావాలి. నీ పక్కన కూర్చుని తిరగాలని నాకు ఎప్పట్నుంచో."

అవతల కుక్కరు ఒక విజిల్ వేసింది. అక్క అది పూర్తయ్యేదాకా ఆగింది.

"నా పక్కన కూర్చోడానికి మీకు బండెందుకండీ? హాల్లో సోఫా ఉంది. పదేళ్లుగా ఉంది. ఒక్కసారన్నా కూర్చున్నారా?"